కిస్ వాగు దాటిన రహ్మూన గొంతు

రహ్మూన చెమటోడ్చి సాధించిన మొట్టమొదటి విజయం రెండు దేశాల గడియారాలను ఓడించడం. తొంభై ఐదో సంవత్సరంలో ఐదు శుక్రవారాలు ఓడిపోయి, ఆరో శుక్రవారం గెలిచింది.

అంతకు ముందటేడు వేసవిలో సరిహద్దు గేటు మూతపడింది. మొరాకోలో మా అహ్ఫీర్ వైపు రహ్మూన, అల్జీరియాలో మర్సా వైపు ఆమె అక్క ఖద్రా, ఎక్కడివాళ్ళక్కడ ఉండిపోయారు. నడుమ ఉన్నదల్లా కిస్ వాగు. సముద్రం దగ్గరపడే చోట ఆ వాగు రెండు కొండచరియల మధ్య ఇరుకున పడుతుంది. ఈ చరియ మీద మన రోడ్డు, ఆ చరియ మీద వాళ్ళ రోడ్డు. మధ్య దూరం నూటయాభై గజాలు. మనిషి ఎవరో తెలుస్తుంది, ముఖంలో ఏముందో తెలియదు. అక్కడ నిలబడి ఒకరినొకరు చూసుకుందామని అక్కచెల్లెళ్ళు దొంగచాటుగా సరిహద్దు దాటి పెట్రోలు మోసే గాడిదలవాళ్ళ చేత చీటీలు పంపుకున్నారు. శుక్రవారం, నాలుగు గంటలకు.

ఎవరి నాలుగు? ఆ రోజుల్లో వాళ్ళ గడియారం మనకంటే గంట ముందు నడిచేది. మొదటి శుక్రవారం ఎవరి గడియారం చూసుకుని వాళ్ళు వచ్చారు. ఖద్రా గంట ముందే వచ్చి, కాళ్ళు పీకేదాకా నిలబడి, మొగుడి లారీ బయల్దేరుతోందని వెళ్ళిపోయింది. వచ్చినట్టు గుర్తుగా ఎర్ర కండువా ఒకటి తుప్పకు కట్టింది. ఈ ఒడ్డు నుంచి రహ్మూన ఆ కండువాను చూసి తల కొట్టుకుంది. రెండో శుక్రవారం ఇద్దరికీ ఒకేసారి తెలివి వచ్చింది. అక్క గడియారం ప్రకారం వెళ్దామని చెల్లెలు, చెల్లెలి గడియారం ప్రకారం వెళ్దామని అక్క సర్దుకున్నారు. ఈసారి రహ్మూన గంట ముందు వచ్చి వెళ్ళిపోయింది. మూడో వారం మళ్ళీ ఇద్దరూ మొదటి పద్ధతికి మారారు. నాలుగో వారం మళ్ళీ ఇద్దరూ మర్యాదకు పోయారు. ఐదో వారానికి ఆ తుప్ప నిండా కండువాలే.

"మీ ఇద్దరిలో ఒక్కరైనా మొండిగా ఉంటే ఈపాటికి కలిసేవాళ్ళే," అన్నాడు రహ్మూన మొగుడు బూజియాన్. "మంచితనంతో చస్తున్నారు."

అప్పుడు రహ్మూన పంపిన చీటీ ఇప్పటికీ రెండు ఒడ్ల మీదా చెప్పుకుంటారు. "అక్కా, ఇక గడియారం మాటెత్తకు. అసర్ నమాజు పిలుపు వినపడగానే బయల్దేరు. సూర్యుడికి పాస్‌పోర్టు లేదు." ఆరో శుక్రవారం, పొద్దు వాలే వేళ, అసర్ పిలుపు రెండు ఒడ్ల మీద ఒక్కసారే లేచింది. అక్కచెల్లెళ్ళు ఎదురెదురు చరియల మీద నిలబడి, మాట రాక, చేతులు ఊపీ ఊపీ భుజాలు నొప్పెట్టి ఇళ్ళకు పోయారు. ఆనాటి నుంచి ఆ చోట కలుసుకునేవాళ్ళందరూ నమాజు వేళల లెక్కే పాటిస్తున్నారు. ఆ ఏర్పాటు చేసింది రహ్మూన అని ఇక్కడ రాసి పెట్టడం న్యాయం.

రెండో విజయం గొంతు దాటించడం. సముద్రపు గాలి మాటను సగం దారిలో ఎత్తుకుపోతుంది. మగవాళ్ళు ఛాతీ పగిలేలా అరిచినా అవతలికి చేరేది గాడిద ఓండ్రింపు లాంటిదే. రహ్మూన ఒక చలికాలమంతా మేకలను తోలుకుపోయి అక్కడ సాధన చేసింది. గాలి ఊపిరి పీల్చుకునే క్షణం కోసం కాచుకోవాలి. ఒక ఊపిరికి ఒకే మాట పంపాలి. మాట చివరను తాడులా లాగి వదలాలి. వసంతం వచ్చేసరికి ఆమె "అక్కా, మోకాలు ఎలా ఉంది?" అని అడిగితే అవతల లారీలవాళ్ళు సైతం బండి ఆపి మోకాలు తడుముకునేవారు.

"మా ఇంట్లో ఉప్పు తెమ్మని కేకేస్తే పక్క ఊరివాళ్ళు తెచ్చి ఇస్తున్నారు," అనేవాడు బూజియాన్. ఆయనది పిట్ట గొంతు. ఇద్దరికీ కలిపి దేవుడు ఇచ్చిన గొంతును పెళ్ళిలో పెళ్ళాం వాటాకు రాసిచ్చేశానని చెప్పుకునేవాడు.

ఆ తరవాత ఇరవై ఎనిమిదేళ్ళలో రహ్మూన చేసిన పనులు చిన్నవి కావు. పదిహేడు నిశ్చితార్థాలు వాగు మీదుగా కుదిర్చింది. ఇటు మసీదు ఫకీహ్, అటు మసీదు ఫకీహ్ చేతులు చాచి దీవెనగా ఫాతిహా చదువుతుంటే మధ్య మాటలు మోసింది ఆమే. కాన్పు కబుర్లు నూరు దాటాయి. విడిపోబోయిన రెండు జంటలకు బుద్ధి చెప్పింది. అవతలి ఒడ్డున పాలివ్వని ఆవుకు ఈ ఒడ్డు నుంచే వైద్యం చేసింది. ఒక్కసారి మాత్రం పెళ్ళికొడుకు పళ్ళ సంగతి అడగకపోవడం వల్ల పేరు పోయింది, ఆ తప్పు ఆమెది కాదు, అంత దూరం నుంచి పళ్ళు కనపడవు. ఫోన్లు వచ్చాక కూడా జనం ఆమె దగ్గరికే వచ్చారు. ఫోనులో చెప్పింది కబురు, వాగు మీద చెప్పింది మాట అని రెండు ఒడ్లవాళ్ళకూ నమ్మకం. ఎవరేం ఇవ్వబోయినా పుచ్చుకోలేదు. నీలం కాగితం చుట్టిన పంచదార దిమ్మ ఒక్కటి తెస్తే చాలు. ఆ దిమ్మలతో వాళ్ళ ఇంట్లో తేనీరు ఇప్పటికీ నోరు అతుక్కుపోయేలా ఉంటుంది.

ఆ వాగు మీద ఎవరూ రాయని ఒక నియమం ఉంది. మూడు సంగతులు కేక వెయ్యకూడదు. అరవై మూడులో ఇసుకలో జరిగిన యుద్ధం, దక్షిణాన ఎడారి ఎవరిదన్న తగాదా, డెబ్బై ఐదు. ఆ మూడోది రహ్మూన ఒంటి మీద జరిగింది. ఆమె పుట్టి పెరిగింది అవతలే, గజవాత్ రేవులో. తండ్రి అక్కడ పడవల వడ్రంగి, మొరాకోవాడు. డెబ్బై ఐదులో బలి పండగ పూట, మాంసం పొయ్యి మీద ఉండగానే, మొరాకోవాళ్ళందరినీ ట్రక్కులెక్కించి గేటు ఇవతల దింపేశారు. రహ్మూనకు పద్దెనిమిదేళ్ళు. ఖద్రా అప్పటికే అల్జీరియావాణ్ణి చేసుకుంది కాబట్టి అవతలే ఉండిపోయింది. ట్రక్కు వెనక పరుగెత్తింది. ఆ తరవాత గేటు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. అక్కచెల్లెళ్ళు మాత్రం ఆ రోజు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. మేకల గురించి, మోకాళ్ళ గురించి, కోడళ్ళ గురించి మాట్లాడుకున్నారు.

విమానమెక్కి చుట్టూ తిరిగి వెళ్ళవచ్చు కదా అని చాలామంది అడిగారు. రహ్మూన ఒట్టు పెట్టుకుంది. "చెయ్యి చాపితే అందేదానికి ఆకాశమెక్కి రావాలా? గేటు తెరవనీ, చెప్పులేసుకుని నడిచి పోతా." అవతల ఖద్రా కూడా అదే ఒట్టు. మొండితనంలో ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలు.

ఇక ఈ ఏడు, రెండువేల ఇరవై మూడు, రంజాను చివరికి వద్దాం. ఏప్రిల్ ఇరవై ఒకటి, శుక్రవారం. వాళ్ళకు ముందురోజు చంద్రుడు కనిపించాడు. మనకు కనిపించలేదు. వాళ్ళకు పండగ, మనకు ముప్ఫయ్యో ఉపవాసం. అసర్ వేళకు అవతలి చరియ మీద కొత్త బట్టలు, పిల్లల బూరలు, పళ్ళేలు. ఇవతల ఎండిన పెదవులు. ఖద్రా ఖర్జూరం మక్రూదులు పళ్ళెం నిండా పేర్చుకుని వచ్చింది. తేనె కారుతున్న మక్రూదు ఒకటి పైకెత్తి, అందరూ చూస్తుండగా, నెమ్మదిగా కొరికింది.

"తింటావా పిల్లా?" అని కేకేసింది.

ఇవతలి ఒడ్డంతా గొల్లున నవ్వింది. రహ్మూన కూడా నవ్వింది. జవాబు చెప్పాలి కదా.

"ఆ చంద్రుణ్ణి మీరే వండుకున్నారక్కా! ఉడికాడో లేదో చూసుకున్నారా?"

అవతల కూడా నవ్వులు. ఖద్రా ఇంకొకటి కొరికింది. రహ్మూన ఊపు మీద ఉంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు నాలుక బరువు తగ్గుతుంది కాబోలు. గాలి ఆగిన క్షణం చూసుకుని ఇంకో కేక వదిలింది.

"డెబ్బై ఐదులో మా పండగ మాంసం కూడా మీరే తిన్నారుగా! మీకు అలవాటేలే!"

నవ్వులు ఆగిపోయాయి. అవతల బూర ఊదుతున్న పిల్ల బూర దించింది. ఖద్రా పళ్ళెం మీద గుడ్డ కప్పి, కోడలు ఖైరా భుజం పట్టుకుని, చెయ్యి ఊపకుండా వెళ్ళిపోయింది.

"చెప్పావూ?" అన్నాడు బూజియాన్.

"చెప్పేశా," అంది రహ్మూన. ఆ సాయంత్రం ఉపవాసం విడవడానికి హరీరా సూపు గిన్నె ముందు పెడితే చెంచా ముట్టలేదు.

తరవాత వారం నుంచి క్షమాపణలు మొదలయ్యాయి. ఫోను చేస్తే ఖైరా ఎత్తేది. "అత్తయ్య నమాజులో ఉన్నారు చిన్నత్తా." "అత్తయ్య పాలు పితుకుతున్నారు చిన్నత్తా." ఒక మనిషి రోజుకు అన్ని సార్లు పాలు పితకదు. ఇక వాగే దిక్కు. రహ్మూన చరియ అంచున నిలబడి, ఊపిరికి ఒక మాట చొప్పున పంపింది.

"అక్కా! తప్పు! నాదే! క్షమించు!"

అవతల ఖద్రా చెయ్యి ఊపి గట్టిగా అరిచింది. "బాదంకాయలు ఈ ఏడు విరగకాశాయే!"

రహ్మూన మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? కాళ్ళ మీద పడితే బాదంకాయలంటోంది."

"బాదం మంచిదేగా," అన్నాడు బూజియాన్.

"ఎగతాళయ్యా అది! ఆమె కోపం నీకు తెలీదు. చిన్నప్పుడు నేను దువ్వెన విరగ్గొడితే రెండేళ్ళు వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు."

మరుసటి శుక్రవారం "అక్కా, నీ కాళ్ళు మొక్కుతా" అంటే "కోడిపెట్ట పొదిగింది, పదకొండు పిల్లలు" అని వచ్చింది. ఆ పై వారం "నా నాలుక కోసుకుంటా" అంటే "అవును, ఎండలు ముదిరాయి" అని వచ్చింది. కబురు రెండు ఒడ్ల మీదా పాకింది. జూన్ నెలాఖరుకల్లా శుక్రవారాలు తిరనాళ్ళయిపోయాయి. సయీదియా తీరానికి పోయే కార్లు ఆగేవి. ఊజ్దా నుంచి వచ్చిన పెళ్ళివారు డప్పులతో సహా దిగారు. రహ్మూన "అక్కా!" అంటే ఇవతల అరవైమంది "అక్కా!" అని అందుకునేవారు. "క్షమించు!" అంటే కార్లన్నీ హారన్లు కొట్టేవి. అవతల కూడా ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఖద్రా చుట్టూ చేరి, "క్షమించెయ్ పెద్దమ్మా, పాపం!" అని బతిమాలారు. ఇటు పోస్టులో ఉన్న సిపాయి ఒకడు అటు సిపాయి వైపు చూసి భుజాలెగరేశాడు. అటు సిపాయి కూడా భుజాలెగరేశాడు. ఆ సరిహద్దు మీద రెండు సైన్యాలూ ఒకే అభిప్రాయానికి రావడం చాలా ఏళ్ళకు అదే.

ఖద్రా మాత్రం అందరికీ నవ్వుతూ చెయ్యి ఊపి, "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి, రోడ్డు జాగ్రత్త!" అంది.

రహ్మూన చిక్కిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ పేరు, పదిహేడు నిశ్చితార్థాలు, ఏమున్నా లాభమేమిటి? తన గొంతు ఎంతమందికి చేరితే ఏం, చేరవలసిన ఒక్క మనిషికి చేరడం లేదు. "నేను పోయినా వచ్చి మట్టి వెయ్యదయ్యా," అని మొగుడితో అంది. ఆయన హాస్యం ఆడలేదు. దానికే ఆమెకు ఇంకా భయం వేసింది.

సెప్టెంబరులో పద్దెనిమిదో నిశ్చితార్థం పడింది. మా ఊరి కమ్మరి కూతురు జుహూర్‌కు, అవతల పడవల మెకానిక్ కొడుక్కు. రహ్మూనకు మనసు లేదు గానీ మాట ఇచ్చి ఉంది. ఫాతిహా అయింది. ఇప్పుడు ఆమె యూయూ కూత వెయ్యాలి. నాలుక గిలకలా ఆడిస్తూ వేసే ఆ సంతోషపు కూత రహ్మూన నోట వస్తే మేకలు మేత ఆపేస్తాయి. ఆ రోజు గుండెలో ఉన్న బరువంతా ఆ కూతలోకి ఎక్కింది. అంతటి కూత ఆమె కూడా మునుపెన్నడూ వెయ్యలేదు.

అవతల జనమంతా ఒక్కసారి ఇటు తిరిగారు. కుక్కలు లేచాయి. సిపాయి చేతిలో తేనీటి గ్లాసు జారి రాళ్ళ మీద పగిలింది. చంకలో పిల్ల కెవ్వుమంది. ఖద్రా పక్కకు తిరిగి కూర్చుని నారింజ వలుస్తోంది. తల తిప్పలేదు. భుజం కదల్లేదు. తొక్క ఒకే ముక్కగా, తెగకుండా, మెలికలు తిరుగుతూ దిగుతోంది. ఖైరా వంగి మోచేయి తట్టి ఇటు చూపించింది. అప్పుడు ఖద్రా తిరిగి, అందరి ముఖాలూ చూసి, అందరూ చప్పట్లు కొట్టి ఆపేశాక, తను కొట్టడం మొదలుపెట్టింది.

రహ్మూన నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. కోపంలో ఉన్న మనిషి చెవులు మూసుకోవచ్చు గానీ ఆ కూతకు ఉలిక్కిపడకుండా నారింజ వలవలేదు. అక్కడే నిలబడి ఫోను తీసి ఖైరాకు కొట్టింది. అవతల ఖైరా ఫోను ఎత్తడం కనపడుతూనే ఉంది.

"ఖైరా, నా కళ్ళలోకి చూసి చెప్పు."

"ఇంత దూరం నుంచి ఎట్లా చూడను చిన్నత్తా?"

"అక్కకి వినపడ్డం లేదు. అవునా?"

అవతల ఖైరా కాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎడమ చెవి పోయిన చలికాలమే పోయింది. కుడిది రంజానుకి ముందే పోయింది. డాక్టరు కూడా ఇక రాదన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నా పిల్లల మీద ఒట్టు పెట్టించుకుంది చిన్నత్తా. ముఖ్యంగా నీకు. నీ గొంతు వినపడ్డం లేదని తెలిస్తే నువ్వు శుక్రవారాలు రావడం మానేస్తావని."

"రంజానుకి ముందే?"

"ముందే."

"అయితే పండగ రోజు నేనన్న మాట?"

"ఒక్క ముక్క వినలేదు. అందరి ముఖాలూ చూసి నేనే తొందరపెట్టి ఇంటికి లాక్కొచ్చా. ఇంటికెళ్ళాక, చెల్లెలికి నోరూరిపోయింది, చూశావా అని ఒకటే నవ్వు."

రహ్మూన ఫోను గాల్లోకి ఎగరేసింది. అరవై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, చరియ అంచున ఎగిరి గంతులేసింది. "వినలేదు! మా అక్క వినలేదు!" అని కమ్మరివాణ్ణి కావలించుకుంది, పెళ్ళికూతురి బుగ్గలు కొరికింది, సిపాయి టోపీ లాగి మళ్ళీ పెట్టింది. డప్పులవాళ్ళు ఎందుకో తెలియకపోయినా అందుకున్నారు. అవతల ఖద్రా అది చూసి నిశ్చితార్థం చాలా బాగా కుదిరిందనుకుని తను కూడా కండువా తిప్పింది.

"అక్కకి చెవుడొచ్చిందని చిందులేసే చెల్లెల్ని నిన్నే చూశాను," అన్నాడు బూజియాన్.

ఆ మాటకు రహ్మూన చిందు ఆగిపోయింది. రాతి మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నవ్వు వచ్చినంత ఎక్కువగానే ఏడుపు కూడా వచ్చింది. లేచి కొంగు దులుపుకుని మొగుడితో అంది. "పాస్‌పోర్టు ఎక్కడుంది?"

"గేటు తెరిస్తే చెప్పులేసుకుని పోతానన్నావ్."

"గేటు తెరిచేసరికి కళ్ళు కూడా పోతే? అక్క నన్నెట్లా గుర్తుపడుతుంది, వాసన చూసా?"

నూటయాభై గజాలకు ప్రయాణం ఇలా సాగింది. ఊజ్దా నుంచి కాసాబ్లాంకా ఒక విమానం. అక్కడి నుంచి ట్యునీసు ఇంకొకటి. అక్కడి నుంచి ఒరాన్ మూడోది. ఒరాన్ నుంచి తిలిమ్సాన్ మీదుగా మర్సాకు మేనల్లుడి కారు. అక్టోబరు ఇరవై మూడున ఇంట్లోంచి కదిలి ఇరవై నాలుగు సాయంత్రానికి చేరింది. పంచదార దిమ్మలు ఆరు, అత్తిపళ్ళ దండలు నాలుగు, డబ్బా నూనె ఒకటి మోసుకుపోయింది. కాసాబ్లాంకాలో తనిఖీ చేసే పిల్ల "ఈ దిమ్మేమిటమ్మా?" అంటే, "నా నోటి కష్టం తల్లీ," అని చెప్పిందట. విమానంలో ముందు సీటువాణ్ణి కిటికీ మూయమని అడిగితే పైలటు మైకులో "సరేనమ్మా" అన్నాడని కూడా ఆమె చెబుతోంది. అందులో సగం నమ్మవచ్చు.

అక్టోబరు ఇరవై ఏడు, శుక్రవారం. అసర్ పిలుపు అవుతూనే మా ఊరు ఊరంతా చరియ మీదికి చేరింది. అవతల ఇద్దరు ముసలమ్మలు చేతులు పట్టుకుని నడిచి వచ్చారు. ఒక చరియ మీద ఆ ఇద్దరినీ కలిపి చూసినవాళ్ళు మా ఒడ్డున ఎవరూ లేరు. ఖద్రా చెల్లెలి కంటే పొట్టి. ఆ సంగతి ఇన్నేళ్ళూ మాకు తెలియలేదు. బూజియాన్ ఇవతల ఒంటరిగా నిలబడి కండువా తీసి ఊపాడు.

"ఏమయ్యా! తిన్నావా?" అవతలి నుంచి వచ్చింది కేక. మన గొంతు అటు నుంచి ఇటు రావడం అదే మొదటిసారి. అటువైపు కూడా దానికి గాలి అడ్డం రాలేదు. ఆయన పిట్ట గొంతుతో ఏదో అన్నాడు, అది వాగులో పడిపోయింది. కమ్మరి ఆ పని అందుకున్నాడు.

"తిన్నాడు! మాడ్చుకుని తిన్నాడు!"

"చెప్పేశానయ్యా! నేనన్న మాట! అంతా!"

"ఎట్లా చెప్పావ్?" అని కమ్మరి.

"వాకిట్లో ఆడి చూపించా! చంద్రుణ్ణి! వండడం! ట్రక్కు! మాంసం కుండ! అన్నీ!"

 కమ్మరి గొంతు తగ్గించబోయి, తగ్గిస్తే చేరదని గుర్తొచ్చి, గట్టిగానే అరిచాడు. "ఏమందీ?"

రహ్మూన అక్కను మోచేత్తో పొడిచి ఇటు చూపించింది, జవాబు ఖద్రాయే ఇచ్చింది. తనకు తాను వినపడదు కాబట్టి ఆమె గొంతుకు ఇప్పుడు హద్దు లేదు.

"ఆ కుండ నేను ముట్టలేదని చెప్పండి! మా అత్త తినేసింది! నేను ట్రక్కు వెనకాల పరిగెత్తా!"

రెండు ఒడ్లూ నవ్వాయి. నవ్వుతూనే చాలామంది ముక్కులు చీదారు. ఆ మాట యాభై ఏళ్ళుగా వాగులో ఎక్కడో తట్టుకుని ఉంది. ఇప్పుడు రెండు సైన్యాల ముందు, పట్టపగలు, పైకి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. సిపాయిలు అసలు అటు చూడనట్టే నిలబడ్డారు.

తరవాత రహ్మూన ఊరి కబుర్లన్నీ ఒక్కొక్కటే కేకేసింది. ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఖద్రా చెల్లెలి వీపు మీద, భుజాల మధ్య, అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేది. ప్రతి మాటకూ తల ఊపేది. ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వింది. చెయ్యి పెట్టి వినడం ఖద్రా అక్కడే, ఆ నాలుగు రోజుల్లోనే నేర్చుకుంది. ఆ కిటుకు చెల్లెలు నేర్పిందా, అక్క కనిపెట్టిందా అన్నది తేలలేదు. ఇద్దరూ తామే అంటున్నారు.

చివరికి బూజియాన్ తనే అంచుదాకా వెళ్ళి, మెడ నరాలు తేలేలా, జీవితంలో వెయ్యని కేక వేశాడు. "ఎప్పుడొస్తావే?" అది ఎలా దాటిందో గాని, దాటింది.

"ఆలివ్ కాయ కోతకి వచ్చేస్తా!" అని అవతలి నుంచి రహ్మూన. "నిచ్చెన బాగు చేయించు! ఒరాన్‌లో పదమూడున ఎక్కుతా! ఊజ్దాలో దిగేది నవంబరు పద్నాలుగు, మంగళవారం!"